పైతేట నీళ్లు

మా బావిలోకి పరాయివాళ్ల చేద దిగకూడదు. ఇది మా అత్తగారు పెట్టిన కట్టుబాటు. నేను కాపురానికి వచ్చిన కొత్తలోనే గిలక దగ్గర నిలబెట్టి చెప్పింది. ఎవరికైనా నీళ్లు కావాలంటే మనమే తోడి పోయాలి, లేదంటే మన చేద వాళ్ల చేతికివ్వాలి. వాళ్ల చేదను ఏ నేల మీద పెట్టారో, ఏ గొడ్డు మూతి పెట్టిందో మనకేం తెలుసు? ఆమె పోయి చాలా ఏళ్లయింది. ఆ మాట మాత్రం నేను పోనివ్వలేదు. కోడలికీ అదే చెప్పాను. మంచి మాటే. ఆ మంచి మాటను అడ్డం పెట్టుకునే నేను ఒక మనిషి బతుకుతెరువు పోగొట్టాను.

మాది మైపాడుకు పోయే దారిలో ఇసుక దిబ్బ మీద ఉన్న ఊరు. చుట్టూ రొయ్యల గుంటలు వచ్చిన తర్వాత ఊళ్లో బోర్లన్నీ ఉప్పు తిరిగాయి. దిబ్బ మీద ఉండబట్టి మా బావి ఒక్కటే తియ్యగా మిగిలింది. ఊరంతా క్యాన్ నీళ్లు కొనుక్కుంటుంటే కొనని ఇళ్లు రెండే. ఒకటి మాది, రెండోది మా పక్కింటామెది. ఆమె మా బావి నీళ్లే వాడుకునేది. ఊరికే కాదు. ఏడాదికొకసారి బావికి కొత్త తాడు ఆమె తేవాలి, బావి ఒర గట్టు దగ్గర బట్టలు ఉతక్కూడదు. నేను పెట్టిన షరతులు. ఏనాడూ తప్పలేదు.

ఆమె నాకంటే పదిహేనేళ్లు చిన్నది. భర్త లేడు. పొద్దున పూట వాకిట్లో పొయ్యి పెట్టి ఇడ్లీలు అమ్ముకునేది. వేటకు పోయి వచ్చినవాళ్లు, గుంటల్లో పనికి పోయేవాళ్లు, నెల్లూరు బస్సు కోసం నిలబడేవాళ్లు అక్కడే తినేవాళ్లు. ఇడ్లీ ఎవరైనా చేస్తారు. ఆమె దగ్గరికి వచ్చేది పచ్చడి కోసం. వేరుశనగపప్పు, పచ్చిమిరపకాయలు, చింతపండు రోట్లో నూరి, మా బావి నీళ్లు పోసి జారుగా కలిపేది. ఇంకో గరిటె వేయమని గిన్నెలు చాపేవాళ్లు.

"ఈ నీళ్లకే ఈ రుచి అక్కా. నా చేతిలో ఏముండాది?" అనేది.

ఆ మాట నిజమనే అనుకునేదాన్ని. నా బావిని పొగిడితే నన్ను పొగిడినట్టే ఉండేది నాకు.

ఆ ఏడు ముసురు పట్టి వారం రోజులు వాన వదల్లేదు. బావిలో నీళ్లు వంగితే అందేటంత పైకి వచ్చాయి, ఎర్రగా కలక బారాయి. వాన తెరిపిచ్చిన మూడు నాలుగు రోజులకు ఊళ్లో వాంతులు, బేదులు మొదలయ్యాయి. ముందు పడ్డది పక్కింటామె దగ్గర ఇడ్లీలు తిన్నవాళ్లే. తర్వాత వాళ్ల ఇళ్లలో వాళ్లు. వలలు అల్లే ముసలాయన ఒకాయనను ఆటోలో నెల్లూరు తీసుకుపోయి సెలైన్లు ఎక్కించాల్సి వచ్చింది. బతికి వచ్చాడు గానీ ఆ తర్వాత మనిషి సగమయ్యాడు.

మా ఇంట్లో ఎవరికీ ఏమీ కాలేదు. దానికి కారణం మా కాగు. మేము బావి నీళ్లు తోడినవి తోడినట్టు తాగం. పెద్ద కాగులో పోసి, చిల్లగింజను సాన మీద అరగదీసి ఆ గంధం కలుపుతాను. పొద్దుటికి మడ్డంతా అడుక్కు దిగి పైన అద్దంలాంటి తేట నిలుస్తుంది. ఆ తేటను మూడు మడతల గుడ్డలో వడకట్టుకొని తాగడానికీ వంటకూ వాడతాం. అడుగు మడ్డి కూడా పారబోయను, కరివేపాకు చెట్టుకు పోస్తాను. మా అమ్మ దగ్గర నేర్చుకున్న పని ఇది. బడికి పోయింది మూడో తరగతి వరకే గానీ ఇలాంటివి బాగానే నేర్చుకున్నానని నాకు లోపల ఒక గర్వం.

ఆసుపత్రి నర్సమ్మ ఇల్లిల్లూ తిరిగి ఎవరెవరు పడ్డారో రాసుకుంది. చివరికి మా ఇంటికి వచ్చి, బావి చూసి, "నీళ్లయినా అయ్యుండాల, పచ్చడయినా అయ్యుండాల" అంది. తర్వాత మా మరుగుదొడ్డి గుంత ఎక్కడని అడిగింది. చూపించాను. బావి నుంచి అక్కడికి అడుగులు వేసి లెక్కపెట్టుకుంది. ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోవడమే నాకు గుచ్చుకుంది. ఎందుకంటే ఆ గుంత తవ్విన రోజున మేస్త్రీ అన్నాడు.

"అవ్వా, బాయికి మరీ దగ్గిరగా ఉండాది. ఆ చివరికి తీసకపోదాం. గొట్టం పొడుగు పట్టిద్ది, అంతే గదా."

"ఆ చివర నిమ్మచెట్టుండాది. కాసే చెట్టును కొట్టి దొడ్డి గుంత తవ్వతావా? గొట్టం నీ మామ కొనిస్తాడా? ఈడే తవ్వు."

"ఇసక నేలవ్వా, కిందనించి బాయిలోకి దిగుద్దేమో."

"ఇసకయితే ఇంకా మంచిది, వడగట్టుద్ది. నాకు చెప్పొచ్చినావు."

అతను చిన్నవాడు, నా నోటికి జడిసి అక్కడే తవ్వాడు. నిమ్మచెట్టు ప్రతి ఏడూ కాసింది. ఆ కాయలతో ఊరగాయ పెట్టి నలుగురికీ పంచాను.

నర్సమ్మ పోయిన సాయంత్రం పక్కింటామె నీళ్లకు వచ్చింది. మా చేద అందుకొని ఒర మీద పెట్టి నిలబడింది.

"అక్కా, నెల్లూరు నించి నీళ్లు పరీచ్చ చేసేవాళ్లు వస్తా ఉండారంట. బాయి నీళ్లు, కాలవ నీళ్లు, ఏటి మొగ నీళ్లు అన్నీ తీసకపోతారంట. నీళ్లల్లో ఉండాదని తేలితే నేను బతికిపోతా."

"నా బాయిలో ఏముంటదిమే? మూడు తరాలు తాగినాం."

"నీ బాయిని అనలా అక్కా. నీళ్లల్లో లేదంటే నా పచ్చడే అంటారు గదా. ఎవురో ఒకురి మింద పడాల గదా."

"పడితే పడనీ. ముందు రోలు కడిగినావో లేదో చూసుకో నువ్వు."

"నా రోలు నాలికతో నాకినా ఏం కాదక్కా" అని నవ్వబోయింది. నవ్వు రాలేదు. చేద దించింది.

ఆమె అడిగింది అన్యాయమేమీ కాదు. నా బావి చెడ్డదని ఆమె అనలేదు, చూడనివ్వమంది. ఆ మాత్రం నాకు అప్పుడు అర్థం కాలేదా అంటే, అయింది. అయినా కోపమే వచ్చింది.

రెండు రోజులకు జీపు వచ్చింది. దిగింది ఒక అమ్మాయి, సన్నగా, జడ మడిచి పిన్నులు పెట్టుకొని. ఏ ఊరు అంటే మనుబోలు అంది. ముందు నాకు నమస్కారం పెట్టింది, తర్వాత చేతులకు తొడుగులు వేసుకుంది. జీపులోంచి ఐసు పెట్టె, రెండు తెల్ల క్యాన్లు దించింది.

"అవ్వా, మీ బాయి నీళ్లు కావాల. పది లీటర్లు."

"పది లీటర్లా? పరీచ్చ చేస్తావా, పెండ్లి చేస్తావా?"

ఆ పిల్ల నవ్వింది. "ఈ జబ్బు తెచ్చే పురుగు కంటికి కనపడదవ్వా. మామూలు భూతద్దానిక్కూడా కనపడదు. ఇన్ని నీళ్లల్లో యాడో కొంచెం ఉంటది. అందుకని పది లీటర్లు తీసకపోయి, చెంచాడుకు తెచ్చి, అప్పుడు వెతకతాం."

మాట్లాడుతూనే సంచిలోంచి తన స్టీలు చేద తీసి తాడు కట్టబోయింది.

"ఆగమ్మాయ్. మా బాయిలో పరాయి చేద దిగదు."

"స్పిరిట్టుతో తుడిచి తెచ్చినానవ్వా. మీ చేదకంటే శుభ్రంగా ఉంటది."

"నువ్వు పన్నీరుతో తుడువు. దిగదంటే దిగదు."

అప్పుడే జీపు డ్రైవరు మురుగు కాలువ గట్టు మీద నుంచి కేకేశాడు, పొద్దుపోతోందని. ఆ పిల్ల ఒక నిమిషం ఆలోచించి క్యాన్లు నా ముందు పెట్టింది.

"సరే అవ్వా. మీ చేదతోనే తోడి పొయ్యండి. ఏమీ కలపొద్దు, వడగట్టొద్దు. బాయిలో ఎట్టుంటే అట్నే కావాల. నేను కాలవకాడికి పొయ్యొస్తా."

ఒక చేద తోడాను. ఎర్రటి నీళ్లు. అందులో సన్నటి మడ్డి తిరుగుతోంది. ఆ నీళ్లను చూస్తే నాకు సిగ్గేసింది. బావిలో తోడిన నీళ్లు అలాగే తీసుకుపోయి ఏ చుట్టానికీ ఇవ్వలేదు ఇంతవరకు. ఇవి నెల్లూరు పోయి నలుగురు చదువుకున్నవాళ్ల ముందు కూర్చుంటాయి. ఇది ఫలానా ఇంటి బావి అని కాగితం అంటిస్తారు. తోడిన చేదను కరివేపాకు చెట్టు మొదట్లో పోసి, క్యాన్లు వంటింట్లోకి తీసుకుపోయి, కాగులోని పైతేటను గుడ్డలో వడకట్టి నింపాను.

అతిథి మర్యాదకు చేశాను, మోసానికి కాదు అని చాలా రోజులు నాకు నేనే చెప్పుకున్నాను. అది సగం నిజం. రెండో సగం నర్సమ్మ లెక్కపెట్టిన అడుగుల్లో ఉంది. క్యాన్లు నింపుతున్నంతసేపూ ఆ అడుగులే నా చెవిలో పడుతున్నాయి.

మా కోడలు గడపలో నిలబడి చూసింది. నేను తల ఎత్తి దాని ముఖం చూశాను. అది లోపలికి పోయింది. నా ముందు నోరెత్తడం నేను దానికి నేర్పలేదు.

ఆ పిల్ల వచ్చి క్యాను ఎత్తి వెలుతురుకు పట్టింది.

"బాగా తేటగా ఉండాయే! ఇప్పుడే తోడినారా అవ్వా?"

"ఇప్పుడే" అన్నాను.

క్యాన్లు ఐసు పెట్టెలో పెట్టుకొని, మా వాకిట్లో కాఫీ కూడా తాగి పోయింది.

ఫలితం రావడానికి కొన్ని వారాలు పట్టింది. నర్సమ్మ వచ్చి, మా వాకిట్లోనే నలుగురిలో చెప్పింది. మురుగు కాలువలో పురుగు ఉంది. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర కొంచెం ఉంది. మా బావిలో లేదు.

ఇక ఊరికి కావాల్సిందేముంది? కాలువలో ఉంది, బావిలో లేదు, తిన్నవాళ్లంతా ఆమె పచ్చడి తిన్నారు. మసి పట్టిన బోకులు ఆమె కాలువ గట్టున తోముకునే మాట నిజమే. తినే గిన్నెలు కాదు, పొయ్యి మీది మసి బోకులు. తోమిన తర్వాత ఇంటికి తెచ్చి మంచినీళ్లతో తొలిచేది కూడా. అది నేను రోజూ చూసేదాన్ని, ఎందుకంటే తొలిచేది మా బావి నీళ్లతోనే. ఆ మాట చెప్పగలిగింది నేనొక్కదాన్నే. నేను చెప్పలేదు.

ఆ ఆదివారం చర్చిలో సాక్ష్యాలు చెప్పే వేళ నేను లేచాను. నేను ఎప్పుడో గానీ లేవను, అందుకని అందరూ ఇటు తిరిగారు. ఊరంతా జబ్బు పడినా ప్రభువు నా ఇంటిని, నా బావిని కాపాడాడని, పరీక్షలో నా బావి నిలిచిందని చెప్పాను. ఆడవాళ్లంతా ఆమెన్ అన్నారు. నా వెనక రెండు వరసల అవతల చాప మీద పక్కింటామె కూర్చుంది. ఆమె గొంతు నాకు తెలుసు. ఆమె కూడా అంది.

తర్వాత ఆమె వాకిట్లో జనం పలచబడ్డారు. వచ్చేవాళ్లు తినడానికి కాదు, ఒక మాట అనడానికి వచ్చేవాళ్లు. ఒక రోజు పడవల మీద పోయే అతను ఒకడు దారిలో నిలబడి అన్నాడు.

"ఏందక్కా, ఇడ్లీలోకి పచ్చడేనా, సెలైను గూడా ఇస్తావా?"

బస్సు కోసం నిలబడ్డవాళ్లు పగలబడి నవ్వారు. ఆమె కూడా నవ్వి, "ముందు ఇడ్లీ తినన్నా, సెలైను సంగతి తర్వాత జూద్దాం" అంది. అతను తినలేదు. ఆ పూట పిండి సగం మిగిలితే నీళ్లు కలిపి మేకలకు పోసింది. పిండిని మేకలకు పోయడం చూసి నేను గోడ ఇవతల నుంచి, "పిండి అట్టా తగలేస్తే ఎట్టమే, దిబ్బరొట్టె వేసుకోగూడదా?" అన్నాను. నాకు కనపడింది ఆ పిండి ఒక్కటే.

ఆమె పొయ్యి ఆర్పేసిన వారానికి బిట్రగుంటకు పోతున్నానని చెప్పడానికి వచ్చింది. అక్కడ ఆమె చెల్లెలుంది. మరిది రైల్వేలో పనిచేసి దిగిపోయినవాడు. పాత రైల్వే కాలనీ దగ్గర పొయ్యి పెట్టుకోనిస్తామన్నారట. చేతిలో కొత్త తాడు ఉంది. పాత తాడు ఇంకా బాగానే ఉంది. అయినా ఆమె తనే గిలక మీదుగా కొత్తది వేసి, చేద కట్టి, ముడి లాగి చూసింది.

"ఈ ఏటి తాడక్కా. నీళ్ల రుణం ఉంచుకోగూడదు."

నేను ఏమన్నానో ఇక్కడ రాయాలి. రాయకపోతే ఇదంతా రాసి ప్రయోజనం లేదు.

"ఆడన్నా పచ్చడి నూరేముందు చేతులు సబ్బుతో కడుక్కోమే" అన్నాను.

ఆమె తన చేతులు చూసుకుంది. "అట్నేలే అక్కా" అంది.

ఎండలు ముదిరాక మనుబోలు పిల్ల మళ్లీ వచ్చింది. ఈసారి ఊళ్లో జబ్బులేమీ లేవు. జబ్బు లేనప్పుడు కూడా కాలువ నీళ్లు తీసుకుపోయి చూస్తుంటారట, పురుగు ముందు నీళ్లలో కనపడి తర్వాత మనుషుల్లో కనపడుతుందట. మా బావితో పని లేదంది, ఒకసారి బాగుందని తేలింది గనుక. ఎండకు ముఖం కందిపోయి వచ్చి, తాగడానికి మంచినీళ్లు అడిగింది. నేను కాగు దగ్గరికి పోతే, ముఖం కడుక్కుంటానని నా వెనకే పెరట్లోకి వచ్చింది. అప్పటికి తేటంతా తీసేశాం, అడుగున మడ్డి మిగిలి ఉంది.

"ఇదేందవ్వా?"

"మడ్డి. చిల్లగింజ అరగదీసి కలిపితే అడుక్కు దిగుద్ది."

ఆ పిల్ల కాగు మీదకు వంగింది. చంటిబిడ్డను చూసినట్టు చూసింది. "అవ్వా! మేము ల్యాబులో చేసేది ఇదే! మేము వేరే మందేస్తాం, అంతే. పురుగు ఆ మడ్డికి అంటుకోని అడుక్కు దిగుద్ది. మేము పైతేట పారబోసి మడ్డి దాచుకుంటాం. మీరు మడ్డి పారబోసి తేట దాచుకుంటారు. మాకు నేర్పింది మీరే అనాల!"

ఆ పిల్ల మెచ్చుకుంటోంది. నేను పక్కనే ఉన్న బావి ఒర పట్టుకున్నాను.

"అయితే పైతేటలో ఉండదా పురుగు?"

"బాగా తగ్గిపోద్ది. వెతికినా దొరక్కపోవచ్చు. అట్టని నమ్మగూడదవ్వా, కాచుకోనే తాగాల."

మా ఇంట్లో ఎవరూ ఎందుకు పడలేదో, ఆమె పచ్చడి తిన్నవాళ్లు ఎందుకు పడ్డారో ఒక్కసారిగా అర్థమైంది. ఆమె మా బావి నీళ్లు తోడినవి తోడినట్టు పచ్చట్లో పోసేది. ఒకే బావి. మేము తేట తాగాం. ఆమె మడ్డితో సహా తీసుకుపోయింది.

"నీ చేద తెచ్చినావా?" అన్నాను.

"జీపులో ఉండాది. ఎందుకవ్వా?"

"తీసకరా. దించు."

"పరాయి చేద దిగదంటిరే?"

"దించమంటున్నా గదా. పోయినసారి నీకిచ్చింది ఈ కాగులో నీళ్లు. బాయివి కాదు."

ఆ పిల్ల ముఖంలో నవ్వు ఆరిపోయింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "ఆ కాయితం చూసి ఏమన్నా జరిగిందా అవ్వా?" అంది.

పక్కింటి వైపు చూశాను. తలుపుకు తాళం, వాకిట్లో పొయ్యి గడ్డల మధ్య గరిక మొలిచి ఉంది. ఆ పిల్లకు అర్థమైంది.

"మీదొక్కటే కాదులే. నా చేద నేనే దించుండాల్సింది. కాలవకాడ పని తొందరలో వదిలేసినా" అంది. తప్పులో తన వంతు తను తీసుకోవడం నేను చేయని పని, ఆ వయసు పిల్ల చేసింది.

స్టీలు చేద మా బావిలోకి దిగింది. మా అత్తగారు గానీ, ఆమె తర్వాత నేను గానీ ఏనాడూ దిగనివ్వని పరాయి చేద. నీళ్లు తగిలిన చప్పుడు మన చేదకూ దానికీ ఒకటే.

ఈసారి మా బావిలో పురుగు ఉందని తేలింది. ఎండాకాలంలోనే ఉంటే వానలప్పుడు చెప్పనక్కర్లేదని నర్సమ్మ అంది. గుంతలో నుంచి ఇసకలోకి, ఇసకలో నుంచి బావిలోకి. పక్కింటామెకు మచ్చ పోయినట్టే గదా, ఆ మాట కాగితం మీద రాసివ్వమని మనుబోలు పిల్లను ఫోనులో అడిగాను.

"అట్టా రాయలేనవ్వా. ఇప్పుడు ఉండాదని రాస్తా. అప్పుడు ఉండిందో లేదో అప్పటి నీళ్లు చూస్తేనే తెలిసేది. ఆ నీళ్లు ఇప్పుడు యాడ దెస్తాం?"

అబద్ధం ఒక్క మాటే గదా, తర్వాత నిజం చెప్పి సరిచేసుకోవచ్చు అనుకునేవాళ్లకు నేను చెప్పేది ఇదే. నేను నిజం చెప్పినా ఆ రోజు నీళ్లు తిరిగి రాలేదు. ఆమెను విడిపించగలిగిన సాక్ష్యం ఒకే ఒక్క చేదెడు నీళ్లు. దాన్ని నేను కరివేపాకు చెట్టుకు పోశాను.

నిమ్మచెట్టు కొట్టించి గుంతను ఆ చివరికి మార్పించాను. మేస్త్రీ అదే అతను. ఆదివారం చర్చిలో మళ్లీ లేచాను. జరిగింది జరిగినట్టు చెప్పి కూర్చున్నాను. ఈసారి ఎవరూ ఆమెన్ అనలేదు. పాస్టరు గారు పాట పాడదాం అన్నారు.

ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చుంటే కోడలు కూర వడ్డిస్తూ అంది. అది నాకు ఎదురుగా ఒక మాట చెప్పడం అదే మొదలు.

"అత్తయ్యా, చర్చిలో చెప్పినారు. మంచిదే. ఆమె ఆడ లేదు గదా."

మర్నాడు పొద్దున బస్సులో నెల్లూరు పోయి, అక్కడ పాసింజరు బండి ఎక్కాను. బిట్రగుంటలో దిగి అడిగితే, ఇడ్లీలామె అనగానే చూపించారు. పాత కాలనీ ఇళ్ల వరస చివర, వేపచెట్టు కింద రేకుల నీడ. ఐదారుగురు తింటున్నారు. ఆమె నన్ను చూసి గబగబా లేచింది.

"అక్కా! ఒక్కదానివే వచ్చినావా? ఇంట్లో అందరూ బాగుండారా?"

బల్ల మీద కూర్చోబెట్టి, నేను వద్దంటున్నా నాలుగు ఇడ్లీలు పెట్టింది. పక్కన కారప్పొడి, నెయ్యి చుక్క. పచ్చడి లేదు. చుట్టూ చూశాను, రోలు కూడా లేదు. నీళ్ల బిందె పక్కన సబ్బు ఉంది, వాడి వాడి బిళ్లంతైంది. ఆమె చేతులు అప్పుడు చూశాను. వేళ్ల సందుల్లో తోలు లేచి, తెల్లగా పొట్టు రాలుతోంది.

"పచ్చడి చెయ్యటం లేదా?"

"మానేసినా అక్కా. నా చేతిలోనే ఏదో దోషముండాది. నీ బాయి నీళ్లు మంచియ్యే అని తేలింది గదా. కడగతానే ఉంటా. అయినా నాకు నమ్మకం చాలదు. పొడి అయితే చెంచాతో వేస్తా, చెయ్యి తగలదు."

ప్లేటు పక్కన పెట్టి చెప్పాను. గుంత సంగతి, చేద సంగతి, కాగు సంగతి, కాలువలో తోమిన బోకులు మంచినీళ్లతో తొలవడం నేను చూసి కూడా చెప్పకపోవడం. ఏదీ దాచలేదు. ఆమె నిలబడే విన్నది. మధ్యలో ఒకాయన నీళ్లడిగితే పోసి వచ్చి మళ్లీ అక్కడే నిలబడింది.

అంతా చెప్పి, ఏడుస్తుందనో తిడుతుందనో చూశాను. ఆమె రెండు చేతులూ తిప్పి చూసుకుంది.

"అయితే నా చేతులు మంచియ్యేనా అక్కా?"

"మంచియ్యేమే" అన్నాను.

ఆమె కొంగుతో బల్ల తుడిచింది. తుడిచిందే తుడిచింది. తర్వాత నా ముఖం చూడకుండా అంది.

"వాళ్లకిచ్చిన ఆ తేట నీళ్లు అంతకు ముందు నాకొక బిందెడు ఇచ్చుంటే పచ్చడికి సరిపొయ్యేయి గదా అక్కా. రోజూ నీ కాగు పక్కనించే గదా నేను బిందె ఎత్తకపొయ్యేది."

నిజమే. ఇన్నేళ్లలో ఒక్క బిందె తేట ఆమెకు ఇవ్వాలని నాకు తోచలేదు. చిల్లగింజ సంగతి కూడా చెప్పలేదు. చెబితే ఒక గింజ అడుగుతుందేమోనని.

తిరిగి వచ్చెయ్యమని అడగాలని బండిలో అనుకుంటూ వచ్చాను. అడగలేదు. అడిగే ముఖం లేదు. కొంగు ముడిలో తెచ్చిన చిల్లగింజలు గుప్పెడు బల్ల మీద పెట్టాను. ఆమె వాటిని తీసుకోనూలేదు, తొయ్యనూలేదు.

అప్పుడే రైల్వే చొక్కా వేసుకున్న ఒకతను కొత్తగా వచ్చినవాడు ప్లేటు చాపి, "పచ్చడి లేదా అక్కా?" అన్నాడు.

"లేదన్నా, పొడే" అంది ఆమె, అలవాటు కొద్దీ. అని నా వైపు చూసింది. చూసి, చెంచా తీసుకొని పొడి వేసింది. వేసిన తర్వాత బిందె దగ్గరికి పోయి, సబ్బు అందుకొని చేతులు కడుక్కోవడం మొదలుపెట్టింది.